మెల్లగా చెప్పిన కబురు

మొన్న మనుమరాలు ఇంగ్లీషు పుస్తకం పట్టుకొచ్చి, "నానమ్మా, సాఫ్టెన్ ది బ్లో అంటే ఏంది?" అని అడిగింది. తగిలే దెబ్బను కాస్త మెత్తన చేయడమనీ, చెడ్డ కబురు చెప్పాల్సినప్పుడు వాడతారనీ చెప్పాను. ఉదాహరణ ఒకటి చెప్పమంది. చెప్పలేదు. నాకు గుర్తొచ్చింది పిల్లలకు చెప్పేది కాదు.

ఈ విద్య మాకు ఇంగ్లీషువాళ్లు నేర్పాల్సిన పని లేదు. నిజాం కాలంలో, మా సిద్దిపేట ఇంట్లో బియ్యం అయిపోతే నిండుకున్నాయనేవాళ్లు, దీపం ఆరితే కొండెక్కిందనేవాళ్లు. చావు కబురైతే అసలే చెప్పరు. వచ్చినవాడు "పానం మంచిగ లేదు, రమ్మన్నరు" అని వాకిట్లోనే నిలబడతాడు. మంచినీళ్లిచ్చినా ముట్టడు. దాన్నిబట్టి పెద్దలు అర్థం చేసుకునేవాళ్లు.

మా పెద్దమ్మ భర్త పోయాక మా ఇంట్లోనే ఉండేది. తొగుటలో ఇచ్చిన ఆమె ఒక్కగానొక్క కూతురు కాన్పయిన వారంలోనే, అక్కడి జీతగాడు ఆ మాటే మోసుకొచ్చాడు. అమ్మ ఇచ్చిన చెంబు అందుకోలేదు. అమ్మ ముఖం పాలిపోయింది. పెద్దమ్మ మాత్రం వంటింట్లోకి పోయి వాము వేయించింది, శొంఠి దంచింది. "బాలింతకు సలి జేసి ఉంటది" అంటూ అన్నీ మూట కట్టింది. అడ్డమొచ్చిన నన్ను ఎప్పటిలాగే కసురుకుంది. ఈమెకు ఎవరు చెప్పాలని అమ్మా బాపూ కళ్లతోనే పోట్లాడుకున్నారు. చివరికి ఎవరూ నోరు విప్పలేదు. బాపు బండి కట్టాడు, పెద్దమ్మ పక్కన నన్నూ ఎక్కించారు.

దారి పొడుగునా ఆమె మాట్లాడుతూనే ఉంది. పసిదానికి ఎవరి ముక్కొచ్చిందో, నీళ్లు సరిగ్గా పోస్తున్నారో లేదో. మూట ఒళ్లోంచి దించలేదు. ఆ వాము వాసన ఈనాటికీ నన్ను వదల్లేదు, మా వంటింట్లో వాము వేయించనివ్వను. బాపు రెండుమూడుసార్లు "వదినా..." అని ఆగిపోయాడు. తొగుట పొలిమేర కనబడగానే ఎద్దులను అదిలించాడు.

"మెల్లగ తోలు మరిదీ," అంది పెద్దమ్మ. "గా జీతగాడు చెంబు ముట్టనప్పుడే నాకెరుకైంది. మనం పొయ్యేదాంక నా బిడ్డ బతికే ఉంటది."

బాపు పగ్గాలు వదిలేసి ఏడ్చాడు. ఎద్దులు వాటికి తోచినట్టు నడిచాయి. ఎన్నేండ్లు గడిచిపోయాయో, వాళ్లెవరూ ఇప్పుడు లేరు. ఆ బండి ఇంకా తొగుట చేరకుండా ఉంటే బాగుండునని మాత్రం నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.