కోడలి మీద నవదిన జపం

జపాలమ్మకు అసహ్యం ఎక్కువ. కుట్టుపని చేసేవాళ్లకు ముక్కు ఉండకూడదని ఆమే అంటుంది. పాత బట్టలు సరిచేయించుకునే మహానుభావులు వాటిని ఉతికి తేరు. చంకల్లో అట్టకట్టిన చెమట, మెడపట్టీల్లో జిడ్డు, జేబుల్లో ముక్కు తుడిచిన రుమాళ్లు. వాటి కుట్లు విప్పుతూ, ఛీ ఛీ అనుకుంటూనే ఒంటిచేత్తో ఇద్దరు పిల్లల్ని పెంచి ఒక ఇంటివాళ్లను చేసింది.

ఆమె అసలు పేరు వీధిలో ఎవరికీ అక్కర్లేదు. కంచు గొంతు, జపాలన్నీ కంఠతా వచ్చు. ఎవరింట్లో జ్వరమొచ్చినా, చావొచ్చినా, వస్తువు పోయినా ఆమెకే కబురు. పైసా ముట్టదు. తొమ్మిది రోజులూ సాగే నవదిన జపం మొదలుపెట్టి మధ్యలో ఆపిన పాపాన పోలేదు. కన్నతల్లిని మట్టిచేసి వచ్చిన సాయంత్రం కూడా ఎవరింట్లోనో మోకరించింది. ఆ ఒక్క విషయంలో ఆమెకు కాస్త గర్వం ఉండేది.

ఇస్త్రీ కొట్టావిడ సిలువ గొలుసు కనిపించకుండా పోయింది. పోయినవాటిని వెతికిపెట్టేది పునీత అంతోనివారు కదా! కొట్టావిడ ఆయన ప్రతిమను గోడకేసి తిప్పి, గొలుసు దొరికేదాకా అంతేనని శిక్ష వేసింది. ఇలా చేసేవాళ్లు చాలామందే ఉన్నారు. చూసినప్పుడల్లా జపాలమ్మకు ఒళ్లు మండుతుంది.

"పునీతుణ్ణి నమ్ముకున్నావా, లాకప్పులో పెట్టావా?" అంది. అనడం వరకే. కొట్టావిడ ఇంట్లో చాప వేయగానే కూర్చుని, నవదినానికి జపమాల తీసింది.

కొట్టావిడ ఒక మనవి చేర్చమంది: "ఇంటి దొంగ మనసు కరిగించి, తీసిన చేత్తోనే తెచ్చి ఇచ్చేలా చేయండి." వినడానికి భక్తిగానే ఉంది. జపాలమ్మ కంచు గొంతుతో చెప్పింది. వెనకనుంచి వీధి జనమంతా "మా కొరకు వేడుకొనండి" అన్నారు.

మర్నాటికి ఆమెకు సంగతి అర్థమైంది. ఆ మనవి రాగానే తలలన్నీ ఒకేవైపు తిరుగుతున్నాయి, మూలన మోకరించిన కొత్త కోడలి వైపు. ఆ ఇంట్లో ఉండేది కొట్టావిడ, కొడుకు, కోడలు. ఇంక ఇంటి దొంగ ఎవరో చెప్పడానికి పునీతుడెందుకు? జపం ముగిసేలోగా గొలుసు రాకపోతే పిల్లను పుట్టింట్లో దింపి రమ్మని కొట్టావిడ కొడుక్కి చెప్పేసింది కూడా. ఆ మగమహారాజు నేల చూపులు చూస్తూ, పెదాలు కదిలీ కదలకుండా జపం చెప్పేవాడు.

రోజురోజుకీ జనం పెరిగారు. చావింటి ప్రార్థనకు రమ్మంటే మోకాళ్ల నొప్పులనే ఆడవాళ్లు ఇక్కడ ముందు వరసలో చోటు పట్టుకున్నారు. వేళ్లు జపమాల మీద, కళ్లు పిల్ల మొహం మీద. ఈగలు వాలినట్టు వాలేవి. జపాలమ్మకు వెగటు పుట్టింది. అయినా మొదలుపెట్టింది ఆపకూడదని సర్దిచెప్పుకుని, ఆ మనవే మళ్లీ మళ్లీ చదివింది.

ఆఖరి రోజు మధ్యాహ్నం కొట్టావిడ గౌను మెడ వదులు చేయించుకోవడానికి వచ్చింది. కొలత కోసం టేపు మెడ చుట్టూ వేయగానే జపాలమ్మ వేలికి ఏదో తగిలింది, వెచ్చగా, జిడ్డుగా. బట్ట కిందనుంచి పైకి లాగితే సిలువ గొలుసు!

"ఇదేంటి?"

కొట్టావిడ కంగారైనా పడలేదు. "దొరికిందిలే వదినా. నా దిండు గలీబులోనే ఉంది. మూడో రోజే కనబడింది."

"మూడో రోజా? మరి నోరు విప్పవేం?"

"మధ్యలో ఆపితే మొక్కు తప్పినట్టు కాదూ? ఆపకూడదని నువ్వే అంటావుగా. అయినా కోడలు ఎంత అణకువగా ఉంటోందో చూడు! అంతా అంతోనివారి దయ."

"పుట్టింటికి పంపేస్తానన్నావు?"

"నాల్రోజులు అక్కడ ఉండొస్తే ఇంకాస్త దార్లోకొస్తుంది."

ఇన్నేళ్లూ వీధి వీధంతా విడిచిన బట్టల వాసన చూసిన జపాలమ్మకు ఇంత కంపు ఎన్నడూ తగల్లేదు. ఆవిడ వెళ్లాక టేపును సబ్బు పెట్టి కడిగింది. చేతులు కడిగింది. ఆ మనవి చదివింది ఈ నోరే కదా అని నోరు కూడా పుక్కిలించి ఉమ్మింది. తన మీద తనకే రోత పుట్టింది.

సాయంత్రం కొట్టావిడ ఇల్లు కిటకిటలాడుతోంది. మనవి చదవాల్సిన చోట జపాలమ్మ లేచి నిలబడింది.

"గొలుసు మూడో రోజే దొరికింది. ఈవిడ మెడలోనే ఉంది. కోడలు దొంగ కాదు. మనందరం కలిసి ఈ పిల్ల మీద అబద్ధపు జపం చెప్పాం. ఈ నవదినం నేను పూర్తిచేయను."

కొట్టావిడ చెయ్యి గబుక్కున మెడ మీదికి పోయింది. చూడాల్సినవాళ్లు చూశారు. ఒక్కొక్కరికీ ఇంటి దగ్గర పనులు గుర్తొచ్చాయి. "ఇంకొక్క పూటేగా, కానిచ్చేస్తే పోయేది" అని గొణిగింది ఒకావిడ చెప్పులు వెతుక్కుంటూ.

కోడలు దణ్ణం పెడుతుందనో, ఏడుస్తుందనో అనుకుంది జపాలమ్మ. పిల్ల సూటిగా చూసింది.

"ఒక్కసారి చెప్తే ఎలాగండీ? దొంగనని ఇన్ని సాయంత్రాలు చెప్పారు. కాదని కూడా అన్ని సాయంత్రాలు చెప్పండి. అంతే గట్టిగా. ఈ ఇంట్లో ఉండాలో పోవాలో తర్వాత నేనే చూసుకుంటా."

మర్నాడు జపాలమ్మ ఇస్త్రీ కొట్టు ఎదుట, వీధిలో చాప పరిచి కొత్త నవదినం మొదలుపెట్టింది. ఒక్కరూ రాలేదు. నిన్నటి ముందు వరసవాళ్లు కిటికీలు మూసుకున్నారు. దొంగను చూడ్డానికి ఎగబడిన భక్తులకు, నిర్దోషిని చూసే ఓపిక లేకపోయింది. "థూ!" అంది జపాలమ్మ. అనేసి, సిలువ గుర్తు వేసుకుని గొంతు పెంచింది. "పునీత అంతోనివారా, ఈ బిడ్డ దొంగ కాదు." బదులు చెప్పేవాళ్లు లేక రెండు మాటలూ తనే చెప్పుకుంది.

ఆ తర్వాతి సాయంత్రం కొడుకు ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, తల్లి పిలుస్తున్నా వినకుండా వచ్చి చాప చివర మోకరించాడు. జపాలమ్మ మనవి చదివింది.

"మా కొరకు వేడుకొనండి" అన్నాడు నోట్లోనే.

గుమ్మంలో బట్టల సంచి పట్టుకుని కోడలు నిలబడి ఉంది.

"వినపడట్లేదండీ" అంది మొగుణ్ణి చూస్తూ.