నాలుగేళ్ల ఒక్క రోజు

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్లు దిగి, కోచింగ్ సెంటర్ల బోర్డుల కింద నాలుగడుగులు వేస్తే యాదలక్ష్మి గది. గణాంక శాఖలో ముప్పై ఏళ్లు గుమాస్తాగా చేసి పదవీ విరమణ పొందిన ఆమె, ఇప్పుడు పరిశోధక విద్యార్థుల ఎక్సెల్ పట్టికలను గణాంకాల సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించి ఫలితాలు తీసి ఇస్తుంది. రోజూ ఎల్బీ నగర్ నుంచి షేర్ ఆటోలో వస్తుంది. ఆమె షరతు ఒక్కటే: సర్వే కాగితాల అసలు ప్రతులు అప్పగించాలి.

"అన్నీ కంప్యూటర్ల ఉన్నయి కదా ఆంటీ!" అంటే,

"కంప్యూటర్ల ఉన్నది నువ్వు కొట్టింది బిడ్డా. వాళ్లు చెప్పింది కాగితం మీదుంటది" అంటుంది.

మరో పట్టింపు కూడా ఉంది. పరాయి పట్టికను నేరుగా సాఫ్ట్‌వేర్‌కు చూపదు. ముందు తన విండోస్ యంత్రంలోని సొంత పట్టికలోకి నకలు చేసుకుంటుంది. ఇరవై ఏళ్లనాటి అలవాటది. దాని మీద ఆమెకు గర్వం కూడా.

నర్సింగ్ విద్యార్థిని రమ్య నాదర్‌గుల్ బస్తీల్లో అయిదేళ్లలోపు పిల్లలు రెండు వందల నలభై మందిని తూచి, వివరాలను తన పాత మ్యాక్ ల్యాప్‌టాప్‌లో ఎక్కించి తెచ్చింది. మర్నాడే థీసిస్ సమర్పణ. తీరా ఫలితం చూస్తే, అయిదేళ్లలోపు వారు నలభై ఒక్కరే మిగిలారు. మిగతావారంతా బడి ఈడు పిల్లలైపోయారు.

రమ్య తన థీసిస్ గైడుకు ఫోన్ చేసి, మొహం వేలాడేసుకుని వచ్చింది.

"తల్లులు తేదీలు తప్పు చెప్పుంటరట ఆంటీ. ఆ పిల్లలను తీసేయమంటున్నడు సార్."

యాదలక్ష్మి కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టింది. కోపం వస్తే ఆమె చేసే మొదటి పని అది.

"తప్పు చెప్పిన్రా? నొప్పులు పడ్డది వాళ్లా, మీ సారా? నూట తొంభై తొమ్మిది మంది పిల్లలను లేరని రాస్తవా? ఆ కాగితాల కట్ట ఇప్పు."

పైనున్న కాగితం బిక్షమయ్య, రాణి దంపతుల బిడ్డది. పుట్టిన తేదీ 19-9-2021. పక్కన రమ్య చేతిరాతలోనే, 'బాలాపూర్ గణేశుడి లడ్డూ వేలం నాడు పుట్టిందని తల్లి చెప్పింది' అని ఉంది. తెరమీద మాత్రం 18-9-2017.

"లడ్డూ వేలం మర్చిపోయే మనిషి ఈ చుట్టుపక్కల ఉంటదా?" అంటూ యాదలక్ష్మి రెండో కాగితం తీసింది. మూడోది. పదోది. ప్రతిదానికీ అదే తేడా: నాలుగేళ్ల ఒక్క రోజు.

"ఒక తల్లి మర్చిపోతది. అందరూ ఒక్క లెక్కన మర్చిపోతరా రమ్యా?"

ఆ మాట అంటూనే ఆమె గొంతు తగ్గింది. రెండు యంత్రాలను పక్కపక్కన పెట్టి, తేదీని అంకెగా చూపమంది. రెండింట్లోనూ ఒకే అంకె. ఎక్సెల్ తేదీని దాచుకునేది గడిచిన రోజుల సంఖ్యగానే. ఆ పాత మ్యాక్ పట్టిక 1904 నుంచి లెక్కపెడుతోంది, తన పట్టిక 1900 నుంచి. పైగా తొలి రోజును అది సున్నా అంటుంది, ఇది ఒకటి అంటుంది. నకలు చేసినప్పుడు అంకె వచ్చింది, అది ఏ ఏటి నుంచి లెక్కించాలన్న సంగతి అక్కడే ఉండిపోయింది. కాలం ఎప్పుడు మొదలైందో కూడా ఒక్క మాట మీద తేల్చుకోలేని ఈ సాఫ్ట్‌వేర్ పెద్దమనుషులు లోకానికి లెక్కలు నేర్పుతున్నారు!

కానీ నకలు చేసింది తను. తల్లులను తప్పుపట్టిన గైడుకూ, ఆ అవకాశం ఇచ్చిన తనకూ ఎంత దూరం?

ప్రతి తేదీకీ ఆ నాలుగేళ్ల ఒక్క రోజు, అంటే 1462 రోజులు కలిపి, కాగితాలతో ఒక్కొక్కటే సరిచూసేసరికి మధ్యాహ్నం భోజనం డబ్బా చల్లారిపోయింది. రెండు వందల నలభై మందీ తిరిగొచ్చారు.

రమ్య ఫోన్ తీసింది. "సిస్టం తేడా అని చెప్త ఆంటీ."

"సిస్టం కాదు. యాదలక్ష్మి తప్పు చేసిందని చెప్పు. తల్లులు చెప్పింది సరిగ్గున్నదని ముందుగాల చెప్పు."

రమ్య అలాగే చెప్పింది. తర్వాత కాగితాల కట్టకు చేయి చాపింది.

"ఆగు," అంది యాదలక్ష్మి, ముడి బిగిస్తూ. "మళ్ల ఎవరన్న అడిగితే చూపాలె. డిగ్రీ పట్టా చేతికొచ్చినంక తీస్కపో."