పోయిన తొవ్వలో రాని తిరుమల్ కాక

మా తిరుమల్ కాక పోయిన దారిన తిరిగి రాడు.

ఇది మొక్కు కాదు, జాతకంలో రాసిందీ కాదు, డాక్టరు చెప్పిందీ కాదు. ఆయన పద్ధతి, అంతే. మారేడ్‌పల్లిలో మా ఇంటి నుంచి మోండా మార్కెట్‌లోని తన స్టీలు సామాన్ల దుకాణానికి పొద్దున ఒక దారిన వెళ్తాడు, సాయంత్రం ఇంకో దారిన వస్తాడు. లిఫ్టులో పైకి పోతే మెట్ల మీద దిగుతాడు. పెళ్ళికి పోతే ముందు గేటులో పన్నీరు చల్లించుకుని, తిరిగొచ్చేటప్పుడు వంటవాళ్ళ గంగాళాల మధ్య నుంచి బయటపడతాడు. ఇంటి ముందు తలుపులోంచి వెళ్ళినవాడు వెనక తలుపులోంచి వస్తాడు. ఆ తలుపు వంటింట్లోకి తెరుచుకుంటుంది గనక మా స్వర్ణలత చిన్నమ్మ పెళ్ళయిన కొత్తలో రోజూ గరిటె పట్టుకుని ఉలిక్కిపడేదట.

"చూసిందే చూసుడు ఏందే కల్పా?" అనేవాడు నాతో. "ఒకటి పోనీకి తొవ్వ, ఒకటి రానీకి తొవ్వ."

"ఒకటే తొవ్వ ఉన్న ఊరికి పోవాల్సొస్తే?"

"అసొంటి ఊళ్ళె మనకేం పని?"

పెళ్ళయి నేను మౌలాలికి వచ్చాక ఆయన మొదటిసారి మా ఇంటికి వచ్చాడు. మా ఇంటికి ఒకటే తలుపు. చాయ్ తాగాడు, మళ్ళీ తాగాడు, భోజనం చేశాడు, గోడలన్నీ చూశాడు. చివరికి డాబా ఎక్కి, పక్కింటివాళ్ళ మెట్ల మీదుగా దిగి వెళ్ళిపోయాడు. పక్కింటావిడ నెల రోజులు మా కుటుంబం గురించి ఆరా తీసింది.

ఆయన సొంత బరాత్ సంగతి మా వాడలో ఇప్పటికీ చెప్పుకుంటారు. గుడి నుంచి తిరిగొచ్చేటప్పుడు గుర్రాన్ని పక్క సందులోకి మళ్ళించాడట. ముందు నడుస్తున్న బ్యాండువాళ్ళకు ఆ సంగతి తెలియదు. వాళ్ళు వాయించుకుంటూ వచ్చిన దారినే నడిచి, ఎదురొచ్చిన ఇంకో బరాత్‌లో కలిసిపోయారు. ఎవరిదో ఆ పెళ్ళికి రెండు బ్యాండ్లు దక్కాయి. మా కాక గుర్రం డెక్కల చప్పుడుతో ఇల్లు చేరాడు. "ఎంత ఠండగ ఉండెనో" అంటాడు ఆ ఊరేగింపును తలుచుకుని.

సాయంత్రం ఆయన వచ్చే దారి మరీ చుట్టు. మార్కెట్ వెనక సందులో రహమాన్ చాచా టైలరింగ్ దుకాణం మీదుగా వస్తాడు. చాచాకు మోకాళ్ళు పట్టేశాక మిషన్ కొడుకు తొక్కుతున్నాడు. ఆయన గుమ్మంలో కుర్చీ వేసుకుని వచ్చేపోయేవాళ్ళను చూస్తూ ఉంటాడు. కాక అక్కడ కాసేపు కూర్చుని చాయ్ తాగి వస్తాడు.

"ఇంట్ల చాయ్ లేదా?" అని చిన్నమ్మ నిలదీసేది.

"ఇంటిది పోయేటప్పటి చాయ్. అది వచ్చేటప్పటి చాయ్."

ఇంట్లో విమానం టికెట్లు కొనే పని నాది. కంప్యూటర్ ముందు నేను కూర్చుంటే, కాక నా వెనక నిలబడి భుజం మీదుగా చూసేవాడు. లోకమంతా ఒక ఊరికి వెళ్ళి ఆ ఊరి నుంచే తిరిగొస్తుంది. మా కాకకు ఆ రానూపోనూ టికెట్ బటన్ గిట్టదు. "మూడోది కొట్టు" అనేవాడు. ఒక ఊళ్ళో దిగి ఇంకో ఊళ్ళో ఎక్కేవాళ్ళ కోసం ఆ మూడో బటన్ పెట్టారు. అది తన కోసమే పెట్టారని ఆయన నమ్మకం. అలా మేం చెన్నైకి వెళ్ళి బెంగళూరు నుంచి వచ్చాం, ముంబయికి వెళ్ళి పుణె నుంచి వచ్చాం.

"అట్ల పోయి ఇట్ల వస్తే సస్తా!" అనేవాడు గర్వంగా. చాలాసార్లు నిజంగానే చవక పడేది కూడా. బెంగళూరులో చిన్నమ్మ చిన్ననాటి స్నేహితురాలు ఉండడం, పుణెలో మా అమ్మ అన్నయ్య మంచాన పడి ఉండడం అప్పట్లో నేను పెద్దగా పట్టించుకోలేదు.

ఆరుగురికి కలిపి వెతికితే ధర ఎక్కువ చూపిస్తోందని కనిపెట్టి, ఇంటిల్లిపాదినీ ఇద్దరిద్దరుగా విడగొట్టేవాడు. నాన్నా నానమ్మా ఒక జత, అమ్మా చిన్నమ్మా ఒక జత, కాకా నేనూ ఒక జత. సీట్లు విమానం నలుమూలలా పడేవి.

"మీవారు ఎక్కడ మేడమ్ అని ఆ ఎయిర్ హోస్టెస్ పిల్ల అడిగితే నేను ఎటు చూపియ్యాలె?" అని చిన్నమ్మ గోల.

"దిగినంక చూపియ్యి. ఏడికి పోతనే?"

శంషాబాద్‌లో బయల్దేరేవాళ్ళకు పైన, దిగేవాళ్ళకు కింద దారి ఉండడం చూసి మురిసిపోయాడు. "చూసినవా? గింత పెద్ద ఇంజనీర్లు సుత నా పద్ధతే పెట్టిన్రు."

అయితే ఈ పద్ధతి వల్ల మా ఇంట్లో ఒక పెద్ద నష్టం జరిగింది.

మా నానమ్మ శారదమ్మకు ఒక్కతే చెల్లెలు, అండాళమ్మ. సూరత్‌లో స్థిరపడ్డ మగ్గాల కుటుంబంలోకి కోడలిగా వెళ్ళింది. మా అమ్మానాన్నల పెళ్ళికి పిల్లాపాపలతో రైలెక్కి వచ్చింది. ఆమెను తీసుకురమ్మని, అప్పుడు కాలేజీలో ఉన్న కాకను సికింద్రాబాద్ స్టేషన్‌కు పంపారు. రైలు ఆలస్యమని తెలిసి ఆయన ఒకటో ప్లాట్‌ఫారం గేటులోంచి బయటికి వచ్చి, కాసేపు తిరిగి, అలవాటు ప్రకారం పదో ప్లాట్‌ఫారం వైపు నుంచి లోపలికి వెళ్ళాడు. ఈలోగా రైలు వచ్చింది. వాళ్ళు ఒకటో గేటు దగ్గర ట్రంకుపెట్టె మీద కూర్చున్నారు. ఈయన అవతలి గేటు దగ్గర పూలదండ పట్టుకుని నిలబడ్డాడు.

"తోలుకపోనీకి ఒక్క మనిషి దొరకలేదా మా అక్కకు?" అని అండాళమ్మ సాయంత్రం రైలుకే తిరిగి వెళ్ళిపోయింది.

"ఆటో ఎక్కి రారాదా? నా గడప దాకా వచ్చి అలిగి పోయినామె ఊరికి నేను పోను" అని నానమ్మ.

అక్క వస్తేనే వస్తానని చెల్లెలు, చెల్లెలు వస్తేనే వెళ్తానని అక్క. ఫోన్లు వచ్చాయి, సెల్‌ఫోన్లు వచ్చాయి, మొహాలు కనిపించే ఫోన్లు కూడా వచ్చాయి. వాళ్ళిద్దరూ మాట్లాడుకోలేదు. సూరత్ చీర అని ఎవరైనా అంటే నానమ్మ ఆ దుకాణంలోంచి లేచి వచ్చేసేది. ఆ మాట వచ్చినప్పుడల్లా కాక వెనక తలుపులోంచి ఎక్కడికో వెళ్ళిపోయేవాడు.

నా పెళ్ళికి ముందు సంవత్సరం నానమ్మ ద్వారక చూడాలంది. చూపు మందగిస్తోంది, కనిపించినన్నాళ్ళే కదా అంది. నేను కంప్యూటర్ తెరిచాను. కాక వెనక నిలబడ్డాడు.

"పోవుడు అహ్మదాబాద్" అన్నాడు. తలుపు వైపు ఒకసారి చూసి, "వచ్చుడు సూరత్" అన్నాడు.

నా చెయ్యి ఆగిపోయింది. "కాకా, ఇది ఎక్కువ పడుతోంది. అహ్మదాబాద్ నుంచి వస్తేనే చవక."

ఆయన వెళ్ళి తలుపు దగ్గరికి వేసి వచ్చాడు. "నీకు కనవడ్డది నీ దగ్గర్నే పెట్టుకో. ఎవరడిగినా సస్తా అను."

"నానమ్మ ఒప్పుకుంటుందా?"

"ఆ ఊరికి పోను అన్నది. సస్తా టికెట్ వద్దని ఎన్నడన్న అన్నదా?"

సూరత్ మాట చెవిన పడగానే నానమ్మ అన్నం తినడం సగంలో ఆపింది. "సస్తానా?" అని నన్నడిగింది. తలూపాను.

"సరే. రైలు దిగుడు, సీదా విమానం ఎక్కుడు. దాని ఇల్లు ఏ దిక్కున్నదో సుత నాకు చెప్పొద్దు."

"చెప్పనమ్మా" అన్నాడు కాక, పెరుగు గిన్నెలోకి చూస్తూ.

ద్వారకలో నానమ్మ ఏది కొన్నా రెండేసి కొంది. రెండు శాలువాలు, రెండు తులసిమాలలు, రెండు ప్రసాదం డబ్బాలు.

"రెండోది ఎవరికత్తమ్మా?" అంది చిన్నమ్మ.

"జోడి కొంటే సస్తా" అంది నానమ్మ.

సూరత్‌లో పొద్దున్నే రైలు దిగాం. విమానం సాయంత్రం. కాక మొహమంతా చెమట. మమ్మల్ని ప్లాట్‌ఫారం మీద ఒక బెంచీ దగ్గర నిలబెట్టాడు. "ఎవ్వరు కదలొద్దు. బండి చూసొస్తా" అని వంతెన మెట్లెక్కి వెళ్ళాడు.

చాలాసేపు రాలేదు. ఆయన ఎటునుంచైనా రావచ్చు గనక మేం తలా ఒక దిక్కు చూస్తున్నాం. నాన్న ఎడమకు, అమ్మ కుడికి, చిన్నమ్మ వెనక్కి. వంతెన వైపు ఎవరూ చూడలేదు. అటు చూడడం దండగని మా ఇంట్లో అందరికీ తెలుసు.

నానమ్మ ఒక్కతే అటు చూసింది. "ఓరి వీని! పోయిన తొవ్వలనే వస్తుండు."

అందరం తిరిగి చూశాం. ఎక్కిన మెట్ల మీదే మా కాక దిగుతున్నాడు. ఒక చేతిలో స్టీలు డబ్బా, రెండో చేతిలో లావు కళ్ళద్దాల ముసలమ్మ చెయ్యి. ఎక్కడ జారిపోతుందోనన్నట్టు ఆమె మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు.

అక్కాచెల్లెళ్ళు ఎదురుబొదురు నిలబడ్డారు.

"నీ కోసం రాలే" అంది నానమ్మ. "టికెట్ సస్తా అని వచ్చిన."

"నేను సుత నీ కోసం రాలే" అంది అండాళమ్మ. "తోలుకపోనీకి వస్త అని నీ కొడుకు ఫోన్ జేసిండు. ఈసారన్న వస్తడో రాడో చూద్దామని వచ్చిన."

"వచ్చిండా మరి?"

"వచ్చిండు. జెర లేటయిండు."

డబ్బా తెరిచింది. సర్వపిండి. నానమ్మ ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుంది. "ఉప్పెక్కువైంది."

"అమ్మ ఏసినట్టే ఏసిన."

"అమ్మది సుత ఎక్కువనే ఉండె."

ఇద్దరూ ఇంకో ముక్క తీసుకున్నారు. తర్వాత నానమ్మ సంచిలోంచి రెండో శాలువా తీసి చెల్లెలి భుజం మీద పడేసి, ఎటో చూస్తూ అడిగింది.

"ఇంతకు మీ ఇల్లు ఏ దిక్కు?"

ఆ మధ్యాహ్నం అండాళమ్మ ఇంట్లో భోజనాలయ్యాక కాకను పట్టుకున్నాను. "పోయిన దారినే వచ్చినవేంది?"

ఆయన చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు. "భయమైంది కల్పా. ఇంకో తొవ్వ పట్టుకుంటే మళ్ళ తప్పిపోతదేమో అని." వేలు చూపించి, "మీ చిన్నమ్మకు చెప్పకు. ఇజ్జత్ పోతది" అన్నాడు. వెంటనే లేచి, ముందు గదిలోంచి వచ్చినవాడు వాళ్ళ మగ్గాల షెడ్డులోంచి దారి వెతుక్కుంటూ బయటికి వెళ్ళాడు.

ఇంటికి వచ్చిన వారానికి నానమ్మ నన్ను పిలిచింది. కాక అక్కడే కూర్చుని దుకాణానికి వెళ్ళడానికి చెప్పులు తొడుక్కుంటున్నాడు.

"బిడ్డా, నిజం చెప్పు. సూరత్ నుంచి సస్తనే పడ్డదా?"

కాక చెప్పు పట్టీ మీద నుంచి తల ఎత్తలేదు.

"సస్తానే నానమ్మా."

ఆమె నా వైపు చూసింది, కొడుకు వైపు చూసింది, తల పంకించింది. "వచ్చే నెల తిరుపతి పోదామంటుండు మీ కాక. జెర ఆ మూడో బటన్ కొట్టి చూడు. తిరుపతి పోయి సూరత్ నుంచి వస్తే సస్తా ఉంటదేమో."