బడాఖానాలో నేను వేసిన ఫోను ఐటెం

నేను మూర్ఖుణ్ణని ముందే ఒప్పుకుంటే మిగతాది చెప్పడం సులువవుతుందేమో. కాదు, అదీ తప్పించుకునే దారే. మూర్ఖుడంటే మీరు జాలిపడతారు. నేను జాలిపడాల్సినంత మూర్ఖుణ్ణి కాను. నలుగురు నవ్వుతారంటే నోరు కట్టేసుకోలేని రకం మూర్ఖుణ్ణి.

సైన్యంలో నా పని వైర్‌లెస్ ఆపరేటరు. మాటను గుట్టుగా ఎలా దాటించాలో ప్రభుత్వం తన ఖర్చుతో నాకు నేర్పింది. గుట్టు మాటల్లోకి దాటిపోకుండా ఎలా చూసుకోవాలో మాత్రం ఎవరూ నేర్పలేదు. సర్వీసు మొత్తంలో నా తుపాకీ ఎవరి మీదా పేలలేదు. నా నోరే పేలింది. అదీ మనవాడి మీద.

ఇన్నేళ్ళుగా మోస్తున్నాను దీన్ని. నా భార్యకు కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఇంతకంటే నమ్మకమైన పరిచయం ఎక్కడుంటుంది? అతని పేరు గుణ అనుకుందాం. అసలు పేరు చెప్పే హక్కు నాకు లేదు. అప్పుడూ లేదు.

మాది పాకాల దగ్గర పల్లె. గుణది నగరి వైపు, మగ్గాల ఇల్లు. మా కంపెనీలో తెలుగువాళ్ళం మేమిద్దరమే. ఎక్కడో దేశం చివర ఆ కొండల్లో మిగతావాళ్ళ లెక్కకి మా రెండు ఊళ్ళూ ఒకటే ఊరు, తిరుపతి. మా రెండు పేర్లూ ఒకటే పేరు, బాలాజీ. నేను పెద్ద బాలాజీ, అతను చిన్న బాలాజీ. సెలవు నుంచి తిరిగొచ్చేటప్పుడు గుర్తింపు కార్డు మరిచిపోయినా గేటు దాటనిచ్చేవారేమో గానీ, లడ్డూల డబ్బా మరిచిపోతే దాటనిచ్చేవారు కాదు.

బ్యారక్ చూడనివాళ్ళకి ఒక మాట. అక్కడ తలుపులుండవు. మంచం, దాని కింద ట్రంకు పెట్టె, పైన దోమతెర. నీ గురక, నీ దగ్గు, నీ ఇంటి నుంచి వచ్చే ఫోను, అన్నీ అందరివీ. మా ఇద్దరికి మాత్రం ఒక సొంత గది ఉండేది. తెలుగు. సుబేదారు ఎదురుగానే నిలబడి, మొహాన వినయం పులుముకుని, ఆయన మీసాల మీద ఏమైనా మాట్లాడుకోవచ్చు. ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాదు. గుణ ఆ గదిలో నిశ్చింతగా ఉండేవాడు. దాని తలుపు నేనే కదా, ఎటు పోతుంది అనుకున్నాడు.

ఒక మధ్యాహ్నం మెస్సులో, చుట్టూ అందరూ రొట్టెలు పప్పులో ముంచుకుంటుంటే, ఎండ ఎక్కువగా ఉందని చెప్పినంత మామూలుగా మొదలుపెట్టాడు.

"ఇంట్లో పిల్లని సూస్తా ఉండారన్నా."

"సంతోషమే గదప్పా! బోజనాలు నగిరిలోనా, తిరుపతిలోనా? ముందే సెప్పు, లీవు పెట్టుకోవల్ల."

"నేను సేసుకోను. నాకు ఆడోళ్ళ మీదికి మనసు పోదన్నా. సిన్నప్పట్నించీ అంతే. తిరుపతిలో ఒకాయన ఉండాడు."

"ఒకాయనంటే?"

"ఒకాయనంటే ఒకాయనే."

రొట్టె నా నోటి దగ్గరే ఆగిపోయింది. "దినామూ ట్యాంకీ కాడ తిరగతా మాట్లాడతావే, ఆయనేనా? తింటివా, పండుకుంటివా అని కొత్త పెండ్లాన్ని అడిగినట్ల అడగతా ఉంటావే?"

"ఆయనే." నవ్వాడు. "ఎవురికీ సెప్పలా అన్నా. నీ ఒక్కనికే. యాడన్నా నోరు జారేవు."

"నాది నోరప్పా, కొళాయి కాదు."

మళ్ళీ నవ్వాడు. నా జోకులకి అందరికంటే ముందు నవ్వేది అతనే.

నాకు కోపం రాలేదు. అసహ్యమూ కలగలేదు. దిమ్మ తిరిగింది, అంతే. పక్క మంచం మనిషి, నా సాక్సులు వేసుకునే మనిషి, నేను జ్వరంతో పడి ఉంటే నా బదులు డ్యూటీ చేసిన మనిషి. ఇతనిలో నాకు తెలియని ఇంకో మనిషి ఉన్నాడా అని కొన్నాళ్ళు వింతగా చూశాను. లేడు. అదే గుణ. మెల్లగా నాకు అలవాటయింది. అలవాటవడమే కొంప ముంచింది. భయంగా దాచుకున్నదైతే జాగ్రత్తగా దాచేవాణ్ణి. మామూలైపోయినదాన్ని ఎవరు దాస్తారు?

బడాఖానా అని ఒకటుంటుంది. పెద్ద విందు. అధికారులు, జవాన్లు ఒకే పందిట్లో తినే రోజు. జవాన్లు స్టేజీ ఎక్కి ఒకరినొకరు అనుకరిస్తారు. ఆ ఒక్కరోజు ఎవరిని వెక్కిరించినా ఏమీ అనరు, కంపెనీ కమాండరు నడక నడిచి చూపించినా ఆయన చప్పట్లు కొట్టాల్సిందే. అక్కడ నేను హీరోని. అంతకుముందు ఏళ్ళలో సుబేదారు హాజరు పిలిచే తీరు వేసి వేసి అరగదీశాను. ఈసారి కొత్తది కావాలన్నారు. నా దగ్గర కొత్తదేముంది?

ఫోను ఐటెం వేశాను. ఇంటికి ఫోను చేసుకునే జవాను. పేరు చెప్పలేదు. ఎంత తెలివో చూడండి, పేరు చెప్పకపోతే చాలనుకున్నాను. గుణకి ఒక అలవాటుంది. ఫోనులో మాట్లాడుతున్నంతసేపూ రెండో చేత్తో చొక్కా అంచు పట్టుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలుపుతాడు. నేతవాళ్ళ పిల్లలు నడక రాకముందే నేర్చుకుంటారేమో అది, బట్ట పట్టుకుంటే నేత చూడడం. నేను స్టేజీ మీద చొక్కా అంచు పట్టుకున్నాను. అంతే. "చిన్న బాలాజీ!" అని పందిరంతా ఒక్కసారిగా అరిచింది. అనుకరణ అంత బాగా కుదిరిందని పొంగిపోయాను. ఆ క్షణంలో దిగిపోయి ఉంటే? దిగలేదు. అతని తియ్యటి మాటలన్నీ హిందీలోకి మార్చి వినిపించాను. తిన్నావా, నీళ్ళు ఎక్కువ తాగు, ఎండలో బండి మీద తిరగకు. ఒక్కొక్కదానికీ నవ్వులు. కాసేపటికి నవ్వు పలచబడింది. ఐటెం ముగించడానికి ఒక గట్టి దెబ్బ కావాలి. నేను ఆలోచించలేదు. నా గొంతు ఆలోచించింది. అవతలి వైపు నుంచి బొంగురుగా, గడ్డం మీసం ఉన్న మగ గొంతుతో జవాబు చెప్పింది: "నా సంగతి సరే గానీ, నువ్వెప్పుడొస్తావు?"

పందిరి ఎగిరిపోయిందనుకున్నాను. అంత నవ్వు నా జన్మలో ఎప్పుడూ రాలేదు. ఆ నవ్వు నాకు తిరిగి వినిపించాకే, నేనేమన్నానో నాకు వినిపించింది. గుణ మూడో వరసలో పప్పు బకెట్టుతో వడ్డిస్తున్నాడు. చేతిలో గరిటె అలాగే గాల్లో ఉంది. అతనూ నవ్వాడు. కానీ ఆలస్యంగా. నా జోకుకి అతను అందరికంటే వెనక నవ్వడం అదే మొదటిసారి. సుబేదారు మాత్రం అసలు నవ్వలేదు.

ఇంతవరకూ లోకానికి తెలిసిన తప్పు. నేను దాచింది ఇది కాదు.

మర్నాడు పొద్దున సుబేదారు నన్ను తన గదికి పిలిపించాడు. ఆయనకి పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టే అలవాటు. టక్, టక్.

"నిన్న నువ్వు వేసింది తమాషానా, సమాచారమా?"

"తమాషానే సాబ్." అన్నాను. మీరు నమ్మాలి, ముందు అదే అన్నాను.

టక్. "మీరిద్దరూ తినేది కలిసే, తిరిగేది కలిసే. మీ భాషలో ఏం మాట్లాడుకుంటారో మాకెవరికీ తెలియదు." టక్. "నువ్వు కూడానా?"

ఎంత చిన్న ప్రశ్న! కొట్టలేదు, తిట్టలేదు, బెదిరించలేదు. నా భార్య, నా కూతురు, మా పల్లెలో అరుగు మీద కూర్చునే మా నాయన, అందరూ వరసగా కళ్ళ ముందు కనిపించారు.

"నేను కాదు సాబ్. అతనొక్కడే."

'ఒక్కడే' అనే మాట ఎక్కడి నుంచి ఊడిపడింది? ఎవరూ అడగలేదే! 'నేను కాదు' దగ్గర ఆగిపోవచ్చు కదా? ఎన్నోసార్లు ఆ గదిలోకి మళ్ళీ వెళ్ళి అక్కడ ఆగి చూశాను. ఆగితే ఏమయ్యేదో తెలియదు. బహుశా అంతా అలాగే జరిగేదేమో. ఆ 'బహుశా' మీద తల పెట్టుకుని కొన్నేళ్ళు పడుకున్నాను. మెత్తగా ఏమీ లేదు.

గుణని మిలిటరీ ఆసుపత్రికి పంపారు, మనసుకు పరీక్షలన్నారు. విచారణ అన్నారు. బయట కోర్టు ఇది నేరం కాదని అప్పటికే చెప్పేసింది. మా గేటు లోపల మాత్రం పాత కట్టుబాటే. పింఛను వచ్చేదాకా కూడా ఉంచకుండా ఇంటికి పంపించేశారు. నేనే స్టేషను దాకా వెళ్ళాను. పూరీలు పొట్లం కట్టించి ఇచ్చాను. ఎంత మంచివాణ్ణో చూశారా! రైలు కదిలేటప్పుడు, "నువ్వు పైలం అన్నా" అన్నాడు. నాకు జాగ్రత్త చెప్పాడు. ఇంట్లోవాళ్ళకి నడుము నొప్పి వల్ల పంపేశారని చెప్పుకున్నాడట.

నేను పూర్తి సర్వీసు చేసి వచ్చి, ఇప్పుడు తిరుపతిలో ఒక అపార్ట్‌మెంటుకి సెక్యూరిటీ సూపర్‌వైజరుగా ఉన్నాను. లోపలికి వచ్చే ప్రతి మనిషినీ ఎవరింటికి, ఏం పని అని అడగడం నా ఉద్యోగం. పోయినేడు ఒకరోజు గేటు దగ్గర గుణ నిలబడి ఉన్నాడు. ఎవరో నా అడ్రసు చెప్పారట. ఊళ్ళోనే ఒక బట్టల కొట్టులో పని చేస్తున్నాడు, జుట్టు నెరిసింది. చేతిలో ఒక తువ్వాలు.

"నీకోసరం మా ఇంటి మగ్గం మీద నేసినానన్నా. ఎన్నాళ్ళనుంచో ఇయ్యాలని."

"ఎందుకప్పా నాకు?"

"ఆ పొద్దు సుబేదారు సెప్పినాడులే. మీ ఊరోడు తమాషా అనే సెప్పినాడు, మేమే కనుక్కున్నామని. స్టేజీ మీద నువ్వు వాగినావు, నిజమే. నువ్వు వాగనిదెప్పుడు? కానీ గదిలో నా తరపున నిలబడినావు గదా. అది సాలు."

సుబేదారు అబద్ధం చెప్పలేదు. నా మొదటి మాట చెప్పి, రెండో మాట మింగేశాడు. నామీద దయో, చాడీ చెప్పినవాణ్ణి బయటపెట్టకూడదనే పద్ధతో తెలియదు. ఆ సగం మాట పట్టుకుని ఈ మనిషి ఇన్నేళ్ళు బతికాడు. నేనేం చేశాను? తువ్వాలు తీసుకున్నాను. "బాగుండాదప్పా నేత" అని కూడా అన్నాను.

ఆ తువ్వాలు భుజాన వేసుకోలేకపోయాను, పెట్టెలో దాచుకోలేకపోయాను. చివరికి దాన్ని పట్టుకుని అతని కొట్టుకి వెళ్ళాను. రద్దీ లేదు. రెండో మాట కూడా చెప్పేశాను. అతను అప్పుడు ఒక చీర అంచు వేళ్ళ మధ్య నలుపుతున్నాడు. వేళ్ళు ఆగిపోయాయి.

"స్టేజీ మీద నవ్వించింది నేను ఎప్పుడో మర్సిపోయినాను" అన్నాడు. "అంతమందిలో ఒక్క మనిసన్నా నా తరపున ఉండాడు అనుకుంటా ఉంటి. ఆ ఒకటీ ఎత్తుకుపోతివి గదన్నా."

తువ్వాలు తిరిగి ఇవ్వబోయాను. "అది నీకని నేసింది. నాకెందుకు?" అన్నాడు. ఎవరో పంచెలు చూపించమంటే అటు తిరిగాడు. నేను మెట్లు దిగి వచ్చేశాను. తర్వాత ఫోను చేశాను. ఎత్తలేదు. ఎత్తాలని ఏముంది?

మొన్న సుబేదారు వచ్చాడు. రిటైరై, భార్యతో, మా కంపెనీ పాత మిత్రులు కొందరితో కొండకి వచ్చాడు. తిరుపతిలో నేనుండగా గది, దర్శనం టికెట్లు ఇంకెవరు చూస్తారు? చూశాను. కొండ దిగి వచ్చాక హోటల్లో పొడవాటి బల్ల చుట్టూ అందరం భోజనానికి కూర్చున్నాం. పెరుగన్నం దాకా వచ్చేసరికి ఒకడు మొదలుపెట్టాడు, "పెద్ద బాలాజీ, ఆ ఫోను ఐటెం!" అందరూ బల్ల చరిచారు. సుబేదారు కూడా, "వెయ్యవోయ్, మా ఆవిడ చూడలేదు" అన్నాడు. ఆ రోజు నవ్వని మనిషి!

లేచాను. సంచిలోంచి గుణ నేసిన తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాను. మొదటిసారి.

ఫోను ఐటెం వెయ్యలేదు. సుబేదారు జేబులోని పెన్ను అడిగి తీసుకుని కుర్చీలో కూర్చున్నాను. టక్, టక్. అందరూ పకపకా నవ్వారు. సుబేదారే ఎక్కువగా నవ్వాడు, తన గురించే అని. ఆయన గొంతుతో అన్నాను: "నువ్వు కూడానా?" తర్వాత లేచి అవతలి పక్కకి వెళ్ళి అటెన్షనులో నిలబడ్డాను. నా సొంత గొంతుతో, ఆ రోజు ఎలా వచ్చిందో అలాగే, పిల్లిలాగా, "నేను కాదు సాబ్. అతనొక్కడే."

ఇన్నేళ్ళలో నేను అందరినీ అనుకరించాను, నన్ను తప్ప. బాగా కుదిరింది.

బల్ల మీద ఎవరి చెయ్యీ కదల్లేదు. సుబేదారు భార్య ఆయన మొహం వైపు చూసింది. ఆయన విస్తట్లోకి చూశాడు. తలెత్తకుండానే అన్నాడు, "ఈ ఐటెం బాగా లేదు బాలాజీ."

"బాగా లేదు సాబ్," అన్నాను. "అందుకే, వేస్తే మీ ముందే వెయ్యాలని దాచి ఉంచాను."

ఆయన పెన్ను ఆయనకిచ్చేశాను. మూత మాత్రం తీసి ఇచ్చాను. భోజనమైపోయే వరకు ఆయన ఆ మూత మళ్ళీ పెట్టలేదు.