కట్ట మీద వినేవాడు

మా నాయన కదిరప్ప వేరుశనగ విత్తనం ఎన్నడూ చూడకుండా కొనలేదు. ముందు గుప్పెడు గింజలు తెచ్చి తడి గోనెలో చుట్టి పెట్టేవాడు. మొలకలొస్తేనే మూట కొనేవాడు. ఆయన పోయి ఏడాది కావస్తోంది. నీళ్ళలో మునిగి పోయాడా అని అందరూ అడుగుతారు కాబట్టి చెబుతున్నాను, పోయింది జ్వరంతో, మంచం మీద.

రాయచెర్లులో మా పొలం సోలార్ పార్కుకు లీజుకు పోయాక ఆయనకు పని లేకుండా పోయింది. తర్వాత ఒక ఏడు పెద్ద వానలు పడి, నా చిన్నప్పటి నుంచీ ఎండిపోయి ఉన్న చెరువు నిండింది. నాయన చేపల వేలం పాడి, ఒక పుట్టి కొన్నాడు. గుండ్రటి బుట్టలాంటి ఆ పడవ తోలడం ఎవరూ నేర్పకుండానే నేర్చుకున్నాడు. ఈత మాత్రం రాదు. లైఫ్ జాకెట్ వేసుకునేవాడు. దాని కొక్కేల మీద నమ్మకం లేక పైన తాడు కూడా చుట్టుకునేవాడు.

ఒకరోజు చెరువు నడుమ గాలి లేచి తెడ్డు జారిపోయింది, జేబులో ఫోను తడిసి చచ్చింది. ఎంత అరిచినా కట్ట మీద ఎవరికీ వినబడలేదు. చివరికి గాలే ఒడ్డుకు తోసింది. ఆ సాయంత్రం మా అమ్మ వెంకటక్క తేల్చి చెప్పింది.

"పిలిస్తే పలికేది ఏదన్నా తెచ్చుకో. అంతదాకా నీళ్ళలో కాలు పెడితే చూడు!"

అట్లా ఆయనా నేనూ పావగడ పోయాం. సోలార్ ప్లాంట్ల కాపలావాళ్ళకు వాకీటాకీలు అమ్మే చందన్ ఒక లావుపాటి సెట్టు తీసి బల్ల మీద పెట్టాడు.

"మెరైన్ రేడియో అన్నా. సముద్రంలో పడవలోళ్ళు వాడేది. పదహారో ఛానల్‌లో పిలిస్తే కోస్ట్ గార్డు వింటారు."

"వాళ్ళు యాడుంటారు?"

"మంగళూరు పక్క."

"నేను రాయచెర్లులో మునిగితే మంగళూరుకు వినబడతాదా?"

"అంత దూరం పోదులే."

"మరి ఎవురు వింటారప్పా?"

చందన్ తల గోక్కున్నాడు. "దీనికి లైసెన్సు గూడా కావాల్లే."

నాయన నావైపు తిరిగి, అతనికి వినబడేట్టుగానే, "చూస్తివామ్మా, పావగడలో కూచోని సముద్రం అమ్ముతాండాడు" అన్నాడు.

అప్పుడు చందన్ లైసెన్సు అక్కర్లేని చిన్న వాకీటాకీల జత తీశాడు. లోపలికి నీళ్ళు పోవన్నాడు. నాయన పెట్టెను అటూ ఇటూ తిప్పాడు.

"నీళ్ళు పోవని ఈడ రాసినోడు నీళ్ళలో దిగినాడా?"

"బకెట్లో ముంచి చూడన్నా."

"బకెట్టు నీది. గోనె నేను తెచ్చుకునింది."

నిజంగానే సంచిలోంచి గోనెపట్ట తీసి, తడిపి, రెండు సెట్లనూ చుట్టి అంగడి మెట్ల మీద పెట్టుకొని కూర్చున్నాడు. వచ్చిన గిరాకీకల్లా చందన్, "మా అన్న రేడియో నాటినాడు, మొలకొస్తే మీకూ విత్తనమిస్తాడు" అని చెబుతూనే ఉన్నాడు. నాయన కదల్లేదు. పొద్దు వాలాక విప్పి, ఒకటి నా చేతికిచ్చి బస్టాండుకు పంపి పిలిచాడు. పలికింది. సెట్లు మార్చి మళ్ళీ పిలిచాడు. అప్పుడు కొన్నాడు.

అసలు చిక్కు ఇంటికొచ్చాక మొదలైంది. రెండోది ఎవరి దగ్గరుండాలి? అమ్మ ప్యానెళ్ళు కడిగే పనికి పోతుంది, నేను చదువుకు పోతాను. రోజంతా చెరువు కట్ట మీద ఉండేది గొర్రెలు మేపుకునే మా చిన్నాయన కొల్లప్ప ఒక్కడే. సోలార్ సర్వే అప్పుడు ఆయన హద్దురాయి జరిపాడని నాయన అనుమానం. అప్పటి నుంచి అన్నదమ్ములకు మాటల్లేవు. అమ్మ ఎవరినీ అడక్కుండా సెట్టు తీసుకెళ్ళి కొల్లప్పకిచ్చింది.

"వానికా? నేను మునుగుతాండానంటే బీడీ ముట్టించుకుంటాడు" అన్నాడు నాయన.

ఆదివారం నేనూ కట్ట మీదే ఉన్నాను. పుట్టి నడి చెరువుకు పోయింది. గాలి లేదు. ఉన్నట్టుండి సెట్టులో నాయన గొంతు.

"రేయ్ కొల్లా, పుట్టిలోకి నీళ్ళొస్తాండాయి!"

చిన్నాయన చేతిలోని దోటి పారేసి, నీళ్ళలోకి దిగేశాడు. ఆయనకూ ఈత రాదు. కట్ట లోపలి వాలు నిటారుగా ఉంటుంది, నాలుగు అంగల్లో నీళ్ళు గడ్డం దాకా వచ్చాయి. సెట్టు నెత్తి మీదికెత్తి, "అన్నా, పుట్టిని ఇడవద్దు! వస్తాండా!" అని అరుస్తున్నాడు. బటన్ నొక్కి ఉన్నంతసేపూ అవతలి మాట వినబడదు. ఆయన నొక్కిన వేలు తీయలేదు. దూరంగా నాయన లేచి నిలబడి రెండు చేతులూ ఊపుతున్నాడు.

కాలు బురదలో జారి చిన్నాయన తల మునిగింది. బటన్ మీది వేలు వదిలి, సెట్టు నీళ్ళ మీద తేలింది. అప్పుడు వినబడింది నాయన గొంతు.

"వద్దురా! నీళ్ళు లేవు, ఏం లేవు! నువ్వొస్తావా రావా అని చూసినా! ఎనక్కి పోరా!"

గొర్రెలకు కొమ్మలు వంచే ఆ దోటి అందుకొని నేను నీళ్ళలోకి చాపాను. చిన్నాయన చేతికి తగిలింది. పట్టుకున్నాడు. ఒడ్డుకు లాగాను.

నాయన పుట్టిని తోలుకొచ్చేసరికి చిన్నాయన రాళ్ళ మీద పడి దగ్గుతున్నాడు. ఊపిరి తిరిగాక తిట్టడం మొదలుపెట్టాడు.

"నీ అనుమానం పాడుగాను! రాయి జరిపినోణ్ణే అనుకో, చూస్తా చూస్తా నిన్ను సావనిస్తానా?"

నాయన వంగి తమ్ముడి పంచె కొస పిండుతున్నాడు. చిన్నాయన చేయి విదిలించుకున్నాడు.

"రేపట్నుంచి ఇంకోణ్ణి పెట్టుకో పో."

"ఇంకోణ్ణి నేను నమ్మను" అన్నాడు నాయన.