రక్తప్రసరణ పాఠం చెప్పిన సార్

మంగళవారం మధ్యాహ్నం నేను ఆసుపత్రి వార్డులో డ్యూటీలో ఉండగా సార్ భార్య ఫోన్ చేశారు. "బిడ్డా, మీ సార్ పోయిండు" అన్నారు. పది రోజులుగా ఆ మాటకే భయపడుతూ ఉన్నాను.

సూరత్‌లో, బమ్రోలి దగ్గర మేము చదివిన తెలుగు బడిలో ఆయన సైన్సు చెప్పేవారు. మీలో ఎవరైనా అక్కడ చదివి ఉంటే ఆ రక్తప్రసరణ పాఠం మరిచిపోయి ఉండరు. పుస్తకం తెరవనిచ్చేవారు కాదు. బడి చుట్టూ రెండుసార్లు పరుగెత్తించి, మణికట్టు పట్టుకుని చూసుకోమనేవారు.

"కాళ్లు గాలి అడిగినయి. ఊపిరితిత్తులు తీసుకున్నయి. గుండె మోసుకపోయింది. ఇది గుండె ఒక్కదాని పని కాదు, యాది పెట్టుకోండ్రి."

మా నాన్న మరమగ్గాల దగ్గర పన్నెండు గంటలు నిలబడేవాడు. పిక్కల మీద నరాలు ఉబ్బి మెలికలు తిరిగి ఉండేవి. ఓసారి నాన్న బడికి వచ్చినప్పుడు సార్ అవి చూశారు. బెంచీ మీద కూర్చోబెట్టి, "ఒక్క కాడనే నిలబడకు. జర మగ్గాల నడుమ నడువు. పిక్కలు బిగిస్తేనే నెత్తురు మీదికి ఎక్కుతది" అన్నారు. నాన్న కాళ్లను అంత శ్రద్ధగా చూసినవాళ్లు అంతకుముందు ఎవరూ లేరు.

నేను డయాలసిస్ టెక్నీషియన్ అయ్యానంటే ఆయన వల్లే. ఇప్పుడు ఆ చదువు ఎందుకు చదివానా అనిపిస్తోంది.

నిరుడు సార్ గుండె బలహీనపడింది. అది నెట్టలేని రక్తం వెనక నిలిచిపోయి ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. నీరు తీసే మందు ఇస్తే ఊపిరి తేలికయ్యేది, కానీ రక్తం చాలక మూత్రపిండాలు దెబ్బతినేవి. మందు తగ్గిస్తే మళ్లీ ఆయాసం. చివరికి మూత్రపిండాలు పనిచేయక ఆయన్ని నా మిషన్ దగ్గరికే తీసుకొచ్చారు.

గొట్టాలు నేనే కలిపాను. గంట కాకముందే బీపీ పడిపోయింది. మిషన్ నెమ్మది చేశాను. ఇంకా పడింది. డాక్టరు ఆపేయమన్నారు.

"ఆపినవా?" అన్నారు సార్.

"ఆపిన సార్. గుండె తట్టుకుంటలేదు."

"ఆపితే?"

గొట్టాల్లో మిగిలిన రక్తం ఆయనకు తిరిగి ఎక్కించసాగాను. ఆయన పైకప్పు వంక చూశారు.

"అన్నీ కలిసి పనిచేస్తయని ముప్పై ఏండ్లు చెప్పిన. ఆగేటప్పుడు గూడ అన్నీ కలిసే ఆగుతయని ఎవ్వలకు చెప్పలే. పిల్లలు గద, ఎందుకని."

"రేపు మళ్ల చూద్దాం సార్" అన్నాను.

"నాకు అబద్ధం చెప్పకు బిడ్డా. నీకు నేర్పిందే నేను" అన్నారు, కోపం లేకుండా.

మరో రెండుసార్లు ప్రయత్నించాం. రెండుసార్లూ మధ్యలోనే ఆపాం. ఆ తర్వాత ఆయన భార్య ఇంటికి తీసుకెళ్లిపోయారు. ఆయన చేతిలో పెరిగిన నేను, ఆయనకు అక్కరకు రావలసిన రోజున మిషన్ ఆపి పక్కన నిలబడ్డాను. దీన్ని ఏ మాటతోనూ సర్దిచెప్పుకోలేకపోతున్నాను.

ఫోన్ రాగానే వాళ్లింటికి వెళ్లాను. చాప మీద పడుకోబెట్టారు. పాదాలకు దండం పెట్టాను. నీరు పట్టి ఉబ్బిన పాదాలు. చేతులు తీసేసరికి చర్మం మీద నా వేళ్ల గుంటలు పడి ఉన్నాయి. ప్రాణం ఉంటే కాసేపటికి అవి నిండేవి. ఆయన్ని బయటికి తీసుకెళ్లేదాకా అక్కడే కూర్చుని చూశాను. నిండలేదు.