డిశ్చార్జి అన్న మాటకు నేను చెప్పిన అర్థం

పక్కింట్లో గచ్చు మారుస్తున్నారు. పొద్దున్నే రాళ్లు కోసే యంత్రం కీచుమనేసరికి పళ్లు జివ్వుమన్నాయి, చేతిలో కాఫీ గ్లాసు తొణికింది. ఎస్తేరమ్మ టీచరుగారు బలపం పట్టుకుంటే పలక ఇలాగే అరిచేది. ఆవిడ రాయడం కాదు, గీరేవారు. సగం మాటకే బలపం రెండు ముక్కలయ్యేది. విసిరేసి ఇంకోటి తీసుకునేవారు. ఆవిడకు కోపం రాని రోజంటూ నాకు గుర్తులేదు. ఎనభయ్యేళ్లు వచ్చాక ఇప్పుడు చూసుకుంటే, నాకున్న కోపంలో సగం ఆవిడ ఇచ్చిపోయిందే.

చోడవరంలో మా వీధి చివర పెంకుటింట్లో ఉండేవారు. ఎలిమెంటరీ బడిలో టీచరు. భర్త పోయారు, పిల్లలు లేరు. పొట్టి మనిషి, ఎప్పుడూ తెల్లచీరే. ఆదివారం ప్రార్థనకు వెళ్లినా భుజాన ఆ బడిసంచీ ఉండాల్సిందే. ఇంగ్లీషు బాగా వచ్చు. వచ్చు గనకే ఆ భాషంటే ఒళ్లుమంట. భాష మీద కాదు, నిజానికి. దాన్ని మా ఊళ్లో వాడేవాళ్ల మీద. సాయంత్రం బడి వదిలాక వీధిలో ఆడపిల్లల్ని తన అరుగు మీద కూర్చోబెట్టి రోజుకో మాట చెప్పేవారు. పుస్తకంలోని మాట కాదు, ఆ రోజు ఊళ్లో ఎవరో ఎవరితోనో అన్న మాట.

ఒకరోజు పలక మీద "అడ్జస్టు" అని గీరారు. "బస్సులో కండక్టరు అడ్జస్టవ్వమని ఎవులితో అంతాడే? సీట్లో కూకున్న కరణంగారితోనా, గంపెట్టుకుని నిల్చున్న మీ అమ్మతోనా?" అని నన్నడిగారు. మా అమ్మతోనే అన్నాను. "అయితే దానర్థం సర్దుకోమని కాదు. నువ్వు మనిషివి కాదు, మూటవి అని. రాసుకో." ఇంకోరోజు "సారీ". "కింద నుంచి పైకి ఎక్కడమే గాని, పై నుంచి కిందికి దిగిన సారీని ఎప్పుడైనా సూసేవా?" అన్నారు. మేం నవ్వితే ఆవిడ నవ్వలేదు. ఏ మాటకైనా రెండే ప్రశ్నలు. ఎవులు ఎవులితో అంతారు? అన్న తరవాత ఏటవుద్ది?

నాకు అదంతా చాదస్తంగా తోచేది. అప్పటికి హైస్కూల్లో థర్డు ఫారం, అంటే ఇప్పటి ఎనిమిదో తరగతి, చదువుతున్నాను. ఎడమవైపు ఇంగ్లీషు మాట, కుడివైపు తెలుగు అర్థం ఉన్న అచ్చుపుస్తకం ఒకటి నా దగ్గర ఉండేది. అది మొదటినుంచి చివరిదాకా కంఠతా వచ్చు. బళ్లో అర్థాల పోటీ పెడితే నాకే మొదటి బహుమతి వచ్చింది. పరుగున వెళ్లి ఆవిడకు చెప్పాను. "అర్థాలు ఒప్పజెప్పేవు. సంతోషం. వాడుక ఎప్పుడు నేర్సుకుంతావు?" అన్నారు. నా గెలుపు చూసి ఓర్వలేక అంటున్నారనుకుని వారం రోజులు ఆ అరుగు తొక్కలేదు.

ఆ చలికాలంలోనే మా అయ్య మంచాన పడ్డాడు. చెరకు నరకడానికి వెళ్లే మనిషి. కళ్లు పచ్చబడి, కడుపు ఉబ్బి, నడవలేకపోయాడు. బస్సులో రెండు గంటల దూరంలో ఉన్న ఒక ఆసుపత్రిలో చేర్పించాం. దాని పేరు చెప్పను. ఇప్పుడది లేదు కూడా. అమ్మా నేనూ అయ్య మంచం పక్కనే కింద పడుకునేవాళ్లం. పదో రోజు పొద్దున డాక్టరు వచ్చి అయ్య కడుపు నొక్కి, పక్కనున్న కాంపౌండరుతో ఇంగ్లీషులో ఏదో గబగబా అని వెళ్లిపోయాడు. మా అమ్మ వైపు చూడనైనా లేదు. కాంపౌండరు ఒక కాగితం తెచ్చి అమ్మ బొటనవేలు సిరాలో ముంచి దాని మీద అద్దించాడు. "డిశ్చార్జి. తీసుకుపో" అన్నాడు.

అమ్మ ఆ కాగితం నా చేతిలో పెట్టింది. "సదువే, నూకాలూ. ఏటి రాసేరు?"

చదివాను. గర్వంగానే చదివాను. పై వరుసలు కోడిగీతలు. చివరి వరుస మాత్రం తేటగా ఉంది. డిశ్చార్జ్‌డ్ ఎట్ రిక్వెస్ట్. రెండు మాటలూ నాకు వచ్చినవే. "డిశ్చార్జి అంటే విడుదల. రిక్వెస్టు అంటే మనవి. మనం మనవి చేసుకున్నామని విడుదల చేసేరే, అమ్మా" అన్నాను. "అంటే తగ్గిపోనాదా?" అంది. "తగ్గకపోతే ఎందుకొదుల్తారు?" అన్నాను. ఆ మాట నాదే. ఇంకెవరి నెత్తినా పెట్టలేను.

అమ్మ ముఖం వెలిగిపోయింది. ఇంటికొచ్చిన రోజే, గుడ్లు పెడుతున్న పెట్టను కోసి కూర వండి అయ్యకు పెట్టింది. అయ్య రెండు ముద్దలు తిన్నాడు. మర్నాడు "మాయమ్మని సూడాలనుందే" అన్నాడు. నాన్నమ్మ రావికమతం దగ్గర పల్లెలో ఉండేది. అటు బెల్లం బండి తోలుకెళ్తున్న మనిషితో అమ్మ కబురు పంపింది. "నయమైపోనాదని సెప్పు. తొందరేటి నేదు, నూర్పులయ్యాక రమ్మను." నాలుగో రోజు మధ్యాహ్నం అయ్య పోయాడు. నాన్నమ్మ వచ్చేసరికి కాష్ఠం ఆరిపోయింది. ఆవిడ మా అమ్మనేమీ అనలేదు. వాకిట్లో కూలబడి, "నూర్పులయ్యాక రమ్మన్నారు గదా" అని అదే మాట పదే పదే అనుకుంది.

అమ్మ తిండి మానేసింది. పరామర్శకు ఎవరొచ్చినా ఒకటే మాట. "నానే కూరెట్టి సంపేసినాను." కాదని ఎందరు చెప్పినా వినలేదు. అయ్య పోయిన ఆరో రోజున ఎస్తేరమ్మగారు వచ్చారు. గుమ్మంలో నిలబడే, "ఆసుపత్రి కాగితమేదీ?" అన్నారు. చూరులోంచి తీసిచ్చాను. చదువుతుంటే ఆవిడ ముక్కుపుటాలు అదరడం చూశాను.

"ఎవులు సదివేరు దీన్ని?"

"నేనే."

"ఫస్టు ప్రైజు" అన్నారు. అంతే. చెంప పగలగొట్టినా అంత నొప్పి ఉండేది కాదు. అంతటితో ఊరుకోలేదు. అమ్మ వైపు తిరిగి, "నాలుగిళ్ల అవతల నేనున్నాను గదా. చూపించాలని తట్టలేదేటి?" అని కసిరారు. నాకు ఒళ్లు తెలియలేదు. "మా అమ్మనేటీ అనకండి! మీకు ఇంగ్లీషొస్తే మీ ఇంట్లోనే ఉంచుకోండి!" అని అరిచాను. ఆవిడ నన్ను చూశారు, అమ్మను చూశారు. నెమ్మదిగా వచ్చి అమ్మ పక్కన నేల మీద కూర్చున్నారు. "నిజమే. నేను అనాల్సింది మిమ్మల్ని కాదు" అన్నారు. తర్వాత అమ్మకు విడమరిచి చెప్పారు. "డిశ్చార్జంటే ఇక్కడ తగ్గిందని కాదు, పంపేశామని. బతకడని తెలిసి పంపేశారు. నీ మొగుణ్ని ఇంటికి పంపెయ్యమని నువ్వే బతిమాలేవని రాసుకుని, నీ చేతే వేలిముద్ర ఏయించుకున్నారు." అమ్మ నమ్మలేదు. "నేదమ్మా, కూర తిన్నాకే కదా…" అంది.

పెద్దకర్మ అయ్యాక మేం ముగ్గురం బస్సెక్కాం. డాక్టరు బల్ల మీద ఆ కాగితం పెట్టి, ఈ రిక్వెస్టు ఎవరు చేశారని ఎస్తేరమ్మగారు అడిగారు. ఆయన ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. కేసు హోప్‌లెస్, బెడ్డు అవసరం, అలా రాయడం రొటీను.

"తెలుగులో సెప్పండి" అన్నారావిడ.

"మీకు ఇంగ్లీషు వచ్చు కదా?"

"నాకొచ్చు. మొగుడు పోయింది నాకు కాదు."

గుమ్మం దగ్గరున్న రోగులు లోపలికి తొంగి చూశారు. "ఈవిడ అన్నం ముట్టుకుని పదిరోజులు దాటింది. కూరెట్టి మొగుణ్ని సంపేననుకుంతంది. అవునో కాదో ఈవిడ మొహం చూసి సెప్పండి" అన్నారు. అప్పుడు, మొట్టమొదటిసారి, ఆయన మా అమ్మ ముఖం చూశాడు. "కూర వల్ల కాదమ్మా. అతను బతకడని మాకు ముందే తెలుసు" అన్నాడు.

అమ్మ ఊరట పడుతుందనుకున్నాను. ఆవిడ కొంగు నోట్లోంచి తీసి, "తెలుసా బాబూ?" అంది. "తెలిస్తే నాకెందుకు సెప్పనేదు? మా అత్తకి ఎంటనే రమ్మని కబురెట్టీదాన్ని గదా." గొంతు పెంచలేదు. ఆ రిక్వెస్టు మాట కొట్టేసి సంతకం పెట్టమని ఎస్తేరమ్మగారు పట్టుబట్టారు. కొట్టెయ్యలేదు. గంట కొట్టి మమ్మల్ని బయటికి పంపించాడు. బస్సులో అమ్మ అరటిపండు ఒలుచుకుని తింది. ఎస్తేరమ్మగారు కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. ఒళ్లో ఆవిడ పిడికిళ్లు చోడవరం వచ్చేదాకా విడలేదు.

ఆవిడ పైవాళ్లకు అర్జీ పెట్టారు. దానికి జవాబు రాలేదు. ఆవిడకు మాత్రం బదిలీ ఉత్తర్వు వచ్చింది. మాడుగుల దాటి కొండల కింద ఒక ఊళ్లో ఏకోపాధ్యాయ పాఠశాల. సామాను కట్టుకుంటూ ఆ ఉత్తర్వు నా చేతికిచ్చి చదవమన్నారు. "ఎడ్మినిస్ట్రేటివ్ గ్రౌండ్స్."

"అర్థం?"

"పరిపాలనా కారణాలు."

"వాడుక?"

ఉత్తర్వు మళ్లీ చదివాను. "కారణం చెప్పం. పో."

"ఇప్పుడు నీకు ప్రైజివ్వొచ్చే, గుంటా" అన్నారు. ఇవ్వడానికి ఆవిడ దగ్గర ఏమీ లేదు. నా జడ పట్టుకుని ఒకసారి గట్టిగా లాగి బండెక్కారు. ఆ తర్వాత రెండుసార్లే చూశాను. ఆ కొండల కిందే పోయారని నాలుగు నెలలు ఆలస్యంగా తెలిసింది.

నేను నర్సు పని నేర్చుకున్నాను. సేవ చెయ్యాలని కాదు, కోపంతో. వార్డులో నిలబడి ఆ మాటలు విని, వాటిని మంచం పక్క కూర్చున్నవాళ్లకు చెప్పాలని. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు, కె.కోటపాడు వైపు నుంచి వచ్చిన ఒకామె భర్తకు డిశ్చార్జి రాశారు. ఆమె నవ్వుతూ మూట కట్టుకుంటోంది. దగ్గర కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. "ఈయన బతకడమ్మా. తగ్గిందని పంపట్లేదు. సూడాలనుకున్నోళ్లని పిలిపించుకో" అన్నాను. ఆమె నా చెయ్యి విదిలించి, నీ నోట్లో మన్ను పడ అని తిట్టింది. పెద్దనర్సు నన్ను పక్కకి పిలిచి, నీ పని నువ్వు చూసుకో అంది. కానీ నన్ను తిట్టినామే మరిదిని ఊరికి పంపింది. సాయంత్రానికి ఆ మనిషి తల్లి వచ్చి, కొడుకు పాదాలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అతను కళ్లు తెరిచి ఆవిడను చూశాడు.

అప్పుడు నా మనసు చల్లబడి ఉంటుందని చాలామంది అనుకుంటారు. వరండాలోకి వచ్చి గోడకు ఆనుకున్నాను. కోపం ఇంకా పెరిగింది. ఆమెకు నేను చెప్పింది మూడే మాటలు, అందరికీ వచ్చిన తెలుగులో. నోట్లో పెట్టిన థర్మామీటరు తీసేపాటి సేపు కూడా పట్టలేదు. ఆ కాస్త సేపు మా అమ్మకు ఎవరూ ఇవ్వలేదు.